బర్సీం చేలో మంచె

గల్ఫ్ యుద్ధం ఆగిన ఏడు, నవంబరు నెల రెండో శుక్రవారం, పొద్దున ఆరుంబావుకు నేను సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర ఒక మంచె మీద కూర్చుని ఉన్నాను. నాకు ఎడమ పక్క మా కఫీల్, అంటే నన్ను వీసా మీద తెప్పించుకున్న అరబ్బు యజమాని. కుడి పక్క రియాద్ నుంచి వచ్చిన ఆయన బావమరిది, ఒళ్లో తుపాకీ. ముందర పచ్చటి బర్సీం గడ్డి, దాని అవతల ఇసుక. ఆ ఇసుకలోంచి జింక రావాలి, బావమరిది దాన్ని కొట్టాలి. కొడితే నేను మజ్రాలో ఉంటాను. కొట్టకపోతే ఒంటెల దగ్గరికి పోతాను. సంగతి ఇంతే. కానీ ఒక మేస్త్రీ వేటగాళ్ల మధ్య ఎందుకు కూర్చున్నాడో చెప్పాలి కదా.

ముందే ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది తిరిగి ఊరికి వచ్చాక, జుట్టు నెరిశాక. వాక్యం పొడుగైతే నాకే దారి తప్పుతుంది. అందుకని పొట్టిగా రాస్తాను. సొగసులు కావలసినవాళ్లు వేరే చోట చూసుకోవచ్చు.

మాది జగిత్యాల వైపు. యుద్ధానికి ముందు ఏడు ఈ మజ్రాకు వచ్చాను. మజ్రా అంటే అరబ్బుల వ్యవసాయ కమతం. పనివాళ్ల గదులు కట్టాను, మోటారు గది కట్టాను, ఆవుల కొట్టానికి గోడ పెట్టాను. విమానాలు నెత్తి మీద నుంచి పోతుంటే వాటి మోతకు చేతిలో తాపీ వణికేది. గోడ మాత్రం వంకర పోలేదు. యుద్ధం ఆగింది, గోడా అయిపోయింది. ఒకరోజు కఫీల్ ఖాళీగా కూర్చున్న నన్ను కింది నుంచి పైదాకా చూసి "ఇబిల్" అన్నాడు. ఇబిల్ అంటే ఒంటెలు.

ఒంటెల దగ్గర పని అంటే గుడారం, నీళ్ల పీపా, ఇసుక. ఎప్పుడో ఒకసారి బండి వచ్చి రొట్టెలు, ఉల్లిగడ్డలు దింపి పోతుంది. మాట్లాడే మనిషి ఉండడు. మా వైపు మనిషే ఒకతను అక్కడ ఏళ్ల తరబడి ఉండి మజ్రాకు వచ్చాడు. చాయ్ తాగుతావా అని అడిగితే మెడ ముందుకు చాచి "హుర్ర్" అనేవాడు. బాగున్నావా అంటే కూడా "హుర్ర్". మంచివాడే. కానీ నాకు అలా కావాలని లేదు. నాకు మాటలు లేకపోతే అన్నం అరగదు.

మజ్రాలో నాకు మాటలకు ఇద్దరున్నారు. ఒకడు మా పక్క ఊరివాడు, వరుసకు బావ. బర్సీంకు నీళ్లు చల్లే యంత్రం చూసుకునేవాడు. అది చక్రాల మీద గుండ్రంగా తిరిగే పొడుగాటి పైపు. మేం దాన్ని రాట్నం అనేవాళ్లం. రెండోవాడు హైదరాబాద్ పాతబస్తీ మనిషి, కఫీల్ బండి డ్రైవరు. అందరికీ ఆయన భాయ్. అరబ్బీ నీళ్లలా వచ్చేది. కఫీల్‌తో మా మాట, మాతో కఫీల్ మాట అన్నీ ఆయన నోటి మీదుగానే.

అక్టోబరులో ఒక పొద్దున బావ రాట్నం దగ్గర జింకల్ని చూశాడు. భాయ్‌కి చెప్పాడు. భాయ్ కఫీల్‌కి చెప్పాడు. కఫీల్ అదే సాయంత్రం రియాద్‌కు ఫోను చేసి బావమరిదికి చెప్పాడు. చలి పడగానే వేటకు వస్తానని ఆయన అన్నాడట. జింకల వేటకు సర్కారు ఒప్పుకోదని నాకు చాలా తర్వాత తెలిసింది. కఫీల్‌కు అప్పుడే తెలుసో లేదో నేను అడగలేదు. అడిగే మనిషినీ కాదు.

వాళ్లకు బండి వేసుకుని ఇసుకలో తరమడమే అలవాటు. కానీ యుద్ధం అప్పుడు ఫౌజు ఆ పక్కంతా కంచె వేసింది. తరిమితే కంచె దగ్గర బండి ఆగాలి, జింక ఆగదు. కాబట్టి మాటు వేసి కూర్చోవాలి. ఎక్కడ కూర్చోవాలో, జింక ఏ దారిన వస్తుందో ఎవరికి తెలుసు? కఫీల్ మమ్మల్ని వరసగా నిలబెట్టి అడిగాడు. భాయ్ నన్ను మోచేత్తో పొడిచాడు.

"మేస్త్రీ, నీకు ఇటుకలు గాక ఇంకేమన్న వస్తదా అని అడుగుతుండు."

"చిన్నప్పటి సంది చేను కావలి ఉన్న. జింక అడుగేదో మేక అడుగేదో ఎర్కైతదని చెప్పు."

నేను చెప్పింది ఒక్క ముక్క. భాయ్ చెప్పింది చాయ్ చల్లారేంత. మధ్యలో రెండు చేతులు నెత్తి మీద కొమ్ముల్లా పెట్టాడు. తుపాకీ పేలినట్టు భుజం వెనక్కి విసిరాడు. కఫీల్ కళ్లు పెద్దవయ్యాయి.

"ఏం జెప్పినవ్ భాయ్?"

"నువ్వు షికారివని జెప్పిన. మీ తాత నిజాం కాలంల దొరలకు వేట జూపెట్టెటోడని జెప్పిన."

"మా తాత బర్లు గాసెటోడు."

"బర్లు అడవిల మేసినయా లేదా?"

"మేసినయ్."

"మరింకేంది. అడవి నిజమే, తాత నిజమే. దొరలొక్కరే జర ఎక్కువైన్రు."

కఫీల్ ఒప్పందం అక్కడే చెప్పాడు. జింక దొరికితే నేను మజ్రాలోనే ఉంటాను, తోటపని ఇస్తాడు. దొరకకపోతే వేట మరునాడే ఒంటెలు. నేను తల ఊపాను. గుండె ఎగురుతోంది. భయానికి కాదు, సంబరానికి. ఈ దేశం వచ్చినప్పటి నుంచి ఇటుకలు తప్ప ఇంకేమీ చూడని మనిషికి, పొద్దున్నే లేచి జింక అడుగులు వెతికే పని దొరికింది. అంత తేలిక పని నాకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

మరునాటి నుంచి బావ, నేను తెల్లవారగానే చేను చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. మొదటి పొద్దే బావ కేక వేశాడు.

"బావా, ఇటు రా. గీడ జింక, గాడ జింక, అంత జింకలే. మనం మందల పడ్డం."

పోయి చూస్తే నేలంతా పెంటికలు. నల్లగా, గుండ్రంగా, అడుగు పెట్టడానికి చోటు లేదు.

"అవి మేక పెంటికలే బావా. మొన్న లారీలల్ల ఎరువొచ్చింది. నువ్వే గద జల్లినవ్."

"నేను జల్లినయి గివే అని ఎట్ల జెప్తవ్? అండ్ల జింకవి కలిసి ఉంటే?"

ఆ మాట నిజమే. అందుకని ఇద్దరం గొంతుక్కూర్చుని ఒక్కొక్క పెంటిక తీసి, చిదిపి, వాసన చూడడం మొదలుపెట్టాం. ఎండిన దాన్ని ఒక పక్క, పచ్చి దాన్ని ఒక పక్క. బావ ఒక దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు, పెళ్లివారు పంపిన బియ్యం చూసే ముసలమ్మలా. భాయ్ బండి ఆపి అద్దం దింపాడు.

"ఏం వంట జేస్తున్రు అక్కడ? ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది భాయ్. నువ్వు కూడ రా, రుచి జూసి చెప్పు," అన్నాడు బావ.

"నాకొద్దు. కఫీల్‌కి చెప్త, మేస్త్రీ తాతల కాలం ఇద్దె మొదలువెట్టిండని."

పెంటికలతో లాభం లేదని తేలింది. మేక ఎరువు మొత్తం గుర్తులన్నీ మింగేసింది. అప్పుడు రాట్నం చివరి చక్రం దగ్గరికి పోయాను. అక్కడ పైపు కారుతుంది, నేల ఎప్పుడూ తడి. తడి నేల మీద అడుగులు దిగి ఉన్నాయి. మేక గిట్ట కొస మొద్దుగా ఉంటుంది. ఇవి సన్నగా, కొస తేలి, రెండు పెద్ద బాదం గింజలు పక్కపక్కన పెట్టినట్టు ఉన్నాయి. నేను వంగి చెయ్యి పెట్టి చూశాను. అంచులు ఇంకా రాలలేదు. ఆ పొద్దునవే.

అడుగుల వెంట ఇసుకలోకి పోయాం. మా తుమ్మచెట్టుకు దాయాదిలా ఉండే చెట్టు ఒకటి ఉంది, అదే ముల్లు, అదే నీడ లేని నీడ. దాని కింద పెంటికల కుప్ప. చుట్టూ ఇసుక గిట్టలతో గీరి ఉంది. ఇక అనుమానం లేదు. మేక నడుస్తూ నడుస్తూ వేసుకుంటూ పోతుంది. పోతు జింక అలా కాదు. ఒక చోటు పెట్టుకుంటుంది. రోజూ అక్కడికే వచ్చి పోతుంది, హద్దురాయి పాతుకున్నట్టు. ఎరువు లారీ ఏదీ ఆ చెట్టు దాకా రాదు.

"దొరికింది బావా," అన్నాను.

బావ నా రెండు చేతులు పట్టుకున్నాడు. మేం ఇద్దరం, పిల్లలున్న మనుషులం, ఆ కుప్ప చుట్టూ బతుకమ్మ తిరిగినట్టు తిరిగాం. చప్పట్లు కూడా కొట్టాం. దూరం నుంచి ఎవరైనా చూసి ఉంటే మమ్మల్ని ఒంటెల దగ్గరికి కాదు, ఆస్పత్రికి పంపేవారు.

తర్వాత మంచె. ఇసుక గుప్పిట్లోకి తీసుకుని గాలికి వదిలి చూశాను. పొద్దున గాలి ఉత్తరం, పడమర కలిసిన మూల నుంచి వస్తుంది. చెట్టు కూడా ఆ మూలే. జింక గాలితో పాటు చేలోకి దిగుతుంది. కాబట్టి మంచె ఎదురు మూలలో ఉండాలి. మన వాసన దానికి పోదు, పొద్దు మన వీపు మీద ఉంటుంది, దాని కళ్లలో పడుతుంది. ఇంత ఆలోచన నేను ఏ గోడకూ చేయలేదు.

చెట్లు లేవు కదా, పరంజా పైపులతో కట్టాను. నాలుగు కాళ్లు, అడ్డ పైపులు, క్లాంపులు బిగించి పైన పలకలు పరిచాను. ఎక్కడానికి నిచ్చెన. కట్టాక దూరం పోయి చూశాను. ఆ చదును నేల మీద అది పెళ్లిపందిట్లో దున్నపోతులా నిలబడి ఉంది. నీళ్ల ట్యాంకరు నడిపే పాకిస్తానీ బండి ఆపాడు.

"యే క్యా భాయ్, రాకెట్ ఛోడ్‌నే కా అడ్డా?"

"నహీ భాయ్, ఘాస్ దేఖ్‌నే కా," అన్నాడు బావ, గడ్డి చూడడానికని.

"ఘాస్ నీచే హై. ఊపర్ సే క్యా దేఖేగా?"

గడ్డి కింద ఉంటే పైనుంచి ఏం చూస్తారని నవ్వుకుంటూ పోయాడు. దాచే దారి వెతికితే కంచె దగ్గర ఫౌజువాళ్లు వదిలేసిపోయిన వల ఒకటి ముళ్లకు చుట్టుకుని ఉంది. ఇసుక రంగు, మట్టి రంగు పీలికలు కట్టిన వల. ట్యాంకుల మీద కప్పేది. దాన్ని విప్పి తెచ్చి మంచె చుట్టూ కప్పాం. అంత పెద్ద మంచె ఇసుకలో కలిసిపోయింది. యుద్ధం వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

జింక కొత్తదాన్ని చూస్తే దారి మార్చుకుంటుంది. అందుకని మంచెను కట్టి అలాగే వదిలేశాం. మొదట్లో అడుగులు దూరం నుంచే వెనక్కి తిరిగాయి. తర్వాత చేను అంచు దాకా వచ్చాయి. ఒక పొద్దున చూస్తే మంచె కాళ్ల మధ్యనే బాదం గింజలు. నేను పరుగెత్తుకుంటూ పోయి భాయ్‌కి చెప్పాను. భాయ్ కఫీల్‌కి చెప్పాడు. ఏం చెప్పాడో తెలియదు, కఫీల్ వచ్చి నా భుజం తట్టాడు. శుక్రవారానికి బావమరిదిని రమ్మన్నాడు.

బావమరిది ఇస్త్రీ తోబులో, అదే వాళ్ల తెల్లటి పొడుగు అంగీలో, ఒంటి నిండా అత్తరుతో వచ్చాడు. గాలి మా వైపు వీస్తోంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ అత్తరు జింకలకే కాదు, జగిత్యాలలో మా ఇంటిదానికి కూడా తెలిసేది. కఫీల్ తండ్రి కూడా వచ్చాడు. చాలా ముసలాయన. కుక్కల్ని పెట్టి వేటాడిన కాలం మనిషి. మంచెను చుట్టూ తిరిగి చూసి, కర్రతో పైపును తట్టి, ఏదో అన్నాడు.

"కొంగ లెక్క పైకెక్కి కూసునుడేందని అడుగుతుండు," అన్నాడు భాయ్.

ఆయన్ను ఎక్కించలేదు. ఖర్జూరం చెట్ల వెనక ఆపిన బండిలో ముందు సీట్లో కూర్చోబెట్టాం, భాయ్‌ని తోడుంచి. బావ రాట్నం ఆపేసి మోటారు గది దగ్గర ఉన్నాడు. మేం ముగ్గురం పైకి ఎక్కాం. మా మధ్య గావా అనే అరబ్బీ కాఫీ ఫ్లాస్కు, పళ్లెం నిండా ఖర్జూరాలు. ఎవరూ మాట్లాడొద్దు, జింక వస్తే నేను బావమరిది మోకాలి మీద వేలు పెడతాను. అదీ ఏర్పాటు.

చల్లగా ఉంది. వీపు మీద పొద్దు ఎక్కుతోంది. కింద పైరు మంచుకు తడిసి మెరుస్తోంది. పలక నా కింద కొంచెం కిర్రుమంది. నాకు ఎంత హాయిగా ఉందంటే, నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మా వైపు మంచె కట్టేది వేటకు కాదు. జొన్న చేను కంకి వేసినప్పుడు కావలికి. చేతిలో వడిసెల, నోట్లో కేక. పంది వచ్చినా, జింక వచ్చినా, పిట్ట వచ్చినా, అరిచి రాయి విసిరి తోలాలి. ఒక మంచె మీదివాడు కేక వేస్తే పక్క చేను మంచె మీదివాడు అందుకోవాలి, వాడి నుంచి ఇంకొకడు. అలా ఊరి చుట్టూ కేక తిరుగుతుంది. నేను మీసం రాకముందు నుంచి గల్ఫ్ విమానం ఎక్కేదాకా మంచె మీద చేసిన పని అదొక్కటే. జింకను చూసి నోరు మూసుకున్నది నా జీవితంలో ఎప్పుడూ లేదు.

పోతు ముందు వచ్చింది. కొమ్ములు వెనక్కి వంగి, తోక టపటపలాడిస్తూ. దాని వెనక రెండు ఆడవి. చేను అంచున ఆగాయి. చూశాయి. నేను బావమరిది మోకాలి మీద వేలు పెట్టాను. ఆయన తుపాకీ నెమ్మదిగా ఎత్తాడు. పోతు రెండు అడుగులు వేసి చేలోకి దిగింది. తల వంచింది. బర్సీంను ఒక్క పెరుకు పెరికింది.

"హో... హోహో... హా... హాయ్..."

అది నా గొంతే. నేను లేచి నిలబడి ఉన్నాను. కాళ్లతో పలకలు దడదడ తొక్కుతున్నాను. చెయ్యి నడుము దగ్గర వడిసెల కోసం వెతికింది. లేదు. పళ్లెంలో ఖర్జూరాలు దొరికాయి. పిడికిళ్లతో తీసి విసిరాను. "నీ కడుపుగాల, చేనంత నీదేనా, హోయ్ హోయ్" అని కూడా అన్నానట. నాకు గుర్తు లేదు, కింద భాయ్ విన్నాడు.

అంతటితో ఆగేది. కానీ మోటారు గది దగ్గర మా బావ ఉన్నాడు కదా. అతనూ జొన్న చేను కాసినవాడే. మంచె మీద నుంచి కేక వినిపించింది, అందుకున్నాడు. పానా తీసుకుని ఇనుప పైపు మీద టంగుటంగున కొడుతూ "హోహో... హోయ్... కుడి దిక్కు జూడు బావా, కుడి దిక్కు" అని గొంతు చించుకున్నాడు.

జింకలు ఎటు పోయాయో కూడా కనిపించలేదు. దుమ్ము మాత్రం కనిపించింది. తుపాకీ పేలలేదు. నేను తొక్కిన తొక్కుడుకు బావమరిది వెనక్కి పడి ఫ్లాస్కును కావలించుకుని ఉన్నాడు. తెల్ల తోబు మీద గావా. కఫీల్ నా వైపు చూశాడు. నా రెండు చేతుల్లో ఇంకా ఖర్జూరాలు.

"ఎష్ హాదా?" అన్నాడు. ఏమిటిది అని.

నేను ఖర్జూరాలు పళ్లెంలో పెట్టేశాను. అప్పుడు గుర్తొచ్చాయి ఒంటెలు. అందరి వెనక నిచ్చెన దిగాను. కింద బావమరిది ఇసుకలో నిలబడి తోబు దులుపుకుంటూ అరుస్తున్నాడు. అవతల బావ ఇంకా కొడుతూనే ఉన్నాడు, టంగు టంగు, హోయ్ హోయ్. ఎవరూ ఆపమని చెప్పలేదు కదా.

కఫీల్ వేలు చూపించి "బుక్రా, ఇబిల్" అన్నాడు. రేపే, ఒంటెలు. దానికి భాయ్ అవసరం రాలేదు.

అప్పుడు బండిలోంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకున్నాం. ముసలాయన నవ్వుతున్నాడు. నెత్తి గుడ్డ జారి ఒళ్లో పడింది. కళ్ల నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి. తలుపు మీద చేత్తో కొడుతున్నాడు. భాయ్ ఆయన్ను పట్టుకుని దింపాడు. ఆయన కర్ర మీద ఆనుకుని కొడుకుతో చాలాసేపు మాట్లాడాడు. ఆగి, నవ్వి, మళ్లీ మాట్లాడాడు. భాయ్ నా చెవిలో చెప్పాడు. ఆ రోజు ఒక్కరోజే భాయ్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడని నా నమ్మకం.

"ఈన్ని ఒంటెల తాన పెడ్తవా అంటుండు. ఒక్కసారి గిట్ల ఒర్లితే ఒంటెలన్ని ఉరికి ఉరికి ఖతర్ల తేల్తయట. నువ్వు పోయి తోల్కొస్తవా అంటుండు కొడుకును."

బావమరిది మధ్యలో వచ్చి ఏదో గట్టిగా అన్నాడు. ముసలాయన ఆయన వైపు తిరిగాడు.

"ఏమంటుండు భాయ్?"

"ఇద్దరు ఒక్క పలక మీదనే కూసున్నరు గద. మేస్త్రీకి ఖజూర్ దొర్కి విసరవట్టె, నీకు చేతుల తుపాకి ఉండి పేల్చరాలేదా అంటుండు."

కఫీల్ మొహం బిగించి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అవతల నుంచి బావ గొంతు వచ్చింది. "పోయినయా బావా? ఇంక ఉన్నయా?" ఆ అడిగింది తెలుగులో అయినా కఫీల్‌కు అర్థమైందనుకుంటాను. ముందు భుజాలు కదిలాయి. తర్వాత మొహం తిప్పుకున్నాడు. తర్వాత కూర్చున్నాడు, ఇసుకలోనే, తోబుతో. నేను కూడా నవ్వాను. ఆపుకోలేకపోయాను. నవ్వొద్దని భాయ్ నా పక్కటెముక గిచ్చాడు, ఆ గిచ్చుడుకు ఇంకా ఎక్కువైంది.

కఫీల్ లేచి, కళ్లు తుడుచుకుని, భాయ్‌తో రెండు మాటలు అన్నాడు.

"ఉంటవట. ఖజూర్ చెట్లకు నీళ్లు కట్టుమంటుండు. మంచె మాత్రం ఈ పొద్దే ఇప్పుమంటుండు. నువ్వు మళ్ల ఎక్కితే తుపాకి నీ మీదికే తిప్పుతడట."

ఆ సాయంత్రమే విప్పాను. నేను కట్టినదేదీ అంత సంతోషంగా విప్పలేదు. ఒక్కొక్క క్లాంపు తీస్తుంటే బావ కింద నిలబడి పైపులు అందుకుంటూ "హోయ్" అనేవాడు, నేను "హోయ్" అనేవాణ్ణి. నేను ఆ మజ్రాలోనే చాలా ఏళ్లు ఉన్నాను. ఒంటెను దగ్గర నుంచి చూడకుండానే ఇంటికి వచ్చాను.

ఆ పొద్దు అక్కడున్నది మేం ఇంతమందిమి. మంచె మీద నేను, కఫీల్, రియాద్ నుంచి వచ్చిన ఆయన బావమరిది. బండిలో కఫీల్ తండ్రి, స్టీరింగు ముందు హైదరాబాద్ భాయ్. మోటారు గది దగ్గర పానాతో మా పక్క ఊరి బావ. బర్సీంలో ఒక పోతు జింక, రెండు ఆడ జింకలు.